నంజుండప్ప దాచిన డబ్బా

బెంగళూరు పోయి వచ్చారంట కదా, ఏమేం చూశారని అనంతపురంలో కనబడినవాళ్ళంతా అడుగుతున్నారు. ఒక డబ్బా చూశానంటే నవ్వుతున్నారు. అంత పెద్ద ఊరికి పోయి డబ్బా చూసి రావడమేంటని వాళ్ళ సందేహం. ఒక్కొక్కరికీ విడివిడిగా చెప్పే ఓపిక లేక ఇది రాస్తున్నాను.

ముందు నా సంగతి. లెక్కల టీచరుగా పనిచేసి రిటైరయ్యాను. కీళ్ళవాతం మొదట మోకాళ్ళను పట్టుకుంది, తర్వాత వేళ్ళను. ఇంట్లో గోడలు పట్టుకొని తిరుగుతాను, బయటికైతే చక్రాల కుర్చీ. చేతివేళ్ళు ఒక పక్కకు వాలిపోయాయి, గ్లాసును రెండు అరచేతుల మధ్య పట్టుకొని తాగుతాను. సానుభూతి కోసం చెప్పడం లేదు, అది మా వీధిలోనే కావలసినంత దొరుకుతుంది. కథకు అవసరం కాబట్టి చెబుతున్నాను.

జియోకాచింగ్ అనే ఆట ఒకటుంది. పేరు చూసి భయపడకండి, పెద్దవాళ్ళు ఆడే దాగుడుమూతలే అది. కాకపోతే దాక్కునేది మనుషులు కాదు, డబ్బాలు. ఎవరో ఒకరు పదిమందీ తిరిగే చోట చిన్న డబ్బా దాచి, ఆ చోటును ఫోన్ యాప్‌లో పెడతారు. ఎవరైనా ఆ గుర్తు పట్టుకొని వెతుక్కుంటూ పోవచ్చు. దొరికితే లోపలున్న కాగితం మీద పేరు రాసి, ఎక్కడిది అక్కడ పెట్టేసి రావాలి. బహుమతేమీ లేదు. దారి ఎంత కష్టమో చెప్పడానికి నక్షత్రాలు వేస్తారు. ఒక్క నక్షత్రమే ఉందంటే చక్రాల కుర్చీలో వచ్చినవాళ్ళు కూడా తీసుకోగలరని అర్థం. అర్థమైతే అదే గానీ, నక్షత్రాలు వేసేది ఎక్కువగా కాళ్ళు బాగున్నవాళ్ళు. రెండు మెట్లు వాళ్ళ లెక్కలో మెట్లే కావు.

రూతు నా దగ్గర చదువుకున్న పిల్ల. ఇప్పుడు బెంగళూరులో నర్సు, యలహంకలో కాపురం. ఆ అబద్ధపు నక్షత్రాలతో విసిగిపోయి, తన వార్డులో వైద్యం చేయించుకొని వెళ్ళిన కొందరిని పోగేసి, సొంతంగా డబ్బాలు దాచడం మొదలుపెట్టింది. వాళ్ళకొక కట్టుబాటు ఉంది. కొత్త డబ్బా దాచాక, ఆ చోటు ఎరగని మనిషి, ఒంట్లో ఏదో ఒక ఇబ్బంది ఉన్న మనిషి, ఒంటరిగా పోయి దాన్ని వెతికి, తీసి, పేరు రాసి, మళ్ళీ పెట్టి రావాలి. ఇంకొకరి చెయ్యి పడకూడదు. అప్పుడే ఒక్క నక్షత్రం వేసి యాప్‌లో పెడతారు, లేదంటే డబ్బా ఎత్తేస్తారు.

"మేడమ్, ఇన్నేళ్ళూ మీరు మాకు పరీక్షలు పెట్టారు. ఈసారి మీరొచ్చి ఒకటి రాయండి," అంది ఫోన్లో.

మా ఆయన తానూ వస్తానన్నారు. మీరొస్తే నాకంటే ముందు మీరే వెతికి నా ఒళ్ళో పెడతారని చెప్పి ఆపేశాను. ఆయన నొచ్చుకున్నారు, కాదనలేదు కూడా.

యలహంకలో అరటిపండు

యలహంకలో మొదట గమనించింది, పక్కనే ఉన్న ఎయిర్‌ఫోర్స్ స్థావరం నుంచి యుద్ధవిమానాలు నెత్తి మీద చెవులు పగిలేట్టు పోతున్నా ఒక్కరూ తలెత్తి చూడకపోవడం. మా ఊళ్ళో హెలికాప్టర్ వస్తే బడి ఖాళీ అయ్యేది. ఇక్కడ పాలు పోసేవాడు పోస్తూనే ఉన్నాడు, బేరమాడే ఆవిడ ఒక్క క్షణం ఆగి, విమానం పోయాక అదే ధర దగ్గర మళ్ళీ అందుకుంది.

రూతు వాళ్ళ గుంపుకు ఒక బ్యాటరీ కుర్చీ ఉంది. దాని చేతి పక్కన ఒక పిడి ఉంటుంది, అరచేత్తో ముందుకు నెడితే చాలు. ఉన్నన్నాళ్ళూ అది నాదే అంది. వెనక నెట్టే మనిషి లేకుండా నేను వీధిలో తిరిగి ఎన్నేళ్ళయిందో చెప్పలేను. ఆ సంబరంలో కాస్త జోరుగా నెట్టాను. పాత ఊరి వీధి మూల మీద పూలమ్మే ఆవిడ బుట్టను ఢీకొట్టి ఆగాను. కనకాంబరాలు కుర్చీ చక్రాల కింద పడ్డాయి. నష్టానికి పరిహారంగా రెండు మూరలు కొన్నాను. మూర ధర మా ఊరికి రెండింతలుంది, కానీ ఢీకొట్టినవాళ్ళకు బేరమాడే హక్కు ఉండదు.

అసలు పరీక్షకు ముందు అలవాటు కోసమని ఒక పాత డబ్బా వెతకమంది రూతు. ఫోన్లో గుర్తు ఆ మూల దగ్గరే ఉన్న బస్టాపును చూపిస్తోంది. నేను బస్టాపు ముందుకు పోగానే రూతు నాకు వీపు తిప్పి నిలబడింది.

"అదేంటే, కోపమొచ్చిందా?"

"రూల్ మేడమ్. మీరు వెతికేటప్పుడు మేం చూడకూడదు. చూస్తే కళ్ళతోనే చెప్పేస్తాం. చేతులు ఊరికే ఉండవు, హెల్ప్ చేసేస్తాం. మీరు పిలిచేదాకా తిరగం."

ఇంట్లో నాకు వీపు తిప్పే ధైర్యం ఎవరికీ లేదు. నేను లేస్తే ఇద్దరు లేస్తారు. ఇక్కడ ఈ పిల్ల నట్టనడి బజార్లో నన్ను వదిలేసి, అటు తిరిగి జడ సవరించుకుంటోంది. కొంచెం భయమేసింది. అంతకంటే ఎక్కువ సంతోషమేసింది.

ఇనుప బెంచీ చుట్టూ తిరుగుతుంటే పూలావిడ కేకేసింది. "ఏం పోయిందమ్మా? చెవికమ్మ పడిపోయిందా? యాడ పడింది చెప్పు, నేనూ ఎతుకుతా."

ఏమీ పోలేదని చెప్పాను. నమ్మలేదు. ఇంతలో తెల్లచొక్కా పెద్దమనిషి ఒకాయన వచ్చి, నన్ను ఎగాదిగా చూసి, చేతిసంచిలోంచి ఒక ఏలక్కి అరటిపండు తీసి నా ఒళ్ళో పెట్టి, దండం పెట్టుకొని వెళ్ళిపోయాడు. నాకు ఒళ్ళు మండిపోయింది. పిలిచి చీవాట్లు పెట్టాలనుకున్నాను. కానీ పండు బాగా మాగి ఉంది, నాకు ఆకలిగా ఉంది. తినేశాను. బెంగళూరు వాళ్ళ ఏలక్కి పండు చిన్నదే గానీ తీపి చెప్పలేనంత.

తిన్నాక వంగితే బెంచీ కింద అయస్కాంతంతో అంటుకున్న చిన్న రేకు డబ్బా కనిపించింది. దానికి ఉంగరంలా ఒక తాడు కట్టి ఉంది, వేలు దూర్చి లాగితే ఊడి వచ్చింది. మూత కూడా తాడుతోనే వచ్చింది. లోపలి పెన్నుకు సైకిల్ ట్యూబు ముక్క చుట్టి లావు చేశారు, నా వేళ్ళకు సరిగ్గా పట్టింది. పేరు రాశాను. అక్షరాలు వంకర పోయాయి, పోనీ.

ఒక సంగతి ఉన్నదున్నట్టు చెప్పాలి. నాకు ఏ వస్తువు కావాలన్నా ఎవరో ఒకరు తెచ్చి ఇస్తారు. ప్రేమగానే ఇస్తారు. నాకై నేను వెతికి, నా చేత్తో తీసిన వస్తువు ఎన్నో ఏళ్ళుగా లేదు. ఆ రేకు డబ్బాను మళ్ళీ పెట్టేయాలంటే మనసు రాలేదు.

బై టూ కాఫీ

సాయంత్రం రూతు ఒక దర్శినికి తీసుకుపోయింది. దర్శిని అంటే నిలబడి తినే హోటలు. బల్లలు నిలబడినవాళ్ళ ఎత్తుకుంటాయి, నాకు అందరి మోచేతులూ కళ్ళకెదురుగా కనిపిస్తాయి. కౌంటరు మనిషి నన్ను చూసి, అడగకుండానే ప్లాస్టిక్ స్టూలొకటి తెచ్చి నా ముందు పెట్టి, దాని మీద తట్టె ఇడ్లీ పెట్టాడు. చిన్న పళ్ళెమంత వెడల్పుంటుంది ఆ ఇడ్లీ. మన పల్లీ చట్నీ అలవాటున్న నోటికి వాళ్ళ కొబ్బరి చట్నీ చప్పగా అనిపించింది గానీ, ఇడ్లీ మెత్తదనానికి వంక పెట్టలేం. తర్వాత బై టూ కాఫీ. ఒక కాఫీ చెప్పి ఇద్దరు పంచుకోవడం ఇక్కడ పిసినారితనం కాదు, మర్యాద. మా ఊళ్ళో సగం కాఫీ అడిగితే హోటలు వాడు పై నుంచి కిందికి చూస్తాడు.

కాఫీ సగమయ్యాక రూతు గొంతు తగ్గించింది.

"చెప్పకూడదు గానీ చెప్తాను మేడమ్. రేపు మీరు టెస్ట్ చేసే డబ్బా నంజుండప్పన్నది."

నంజుండప్ప పీణ్య పారిశ్రామికవాడలో టర్నరు, లేతు మీద ఇనుమును చెక్కే పని. ముత్తాతల కాలంలో హిందూపురం వైపు నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడిన కుటుంబం. లేతు మిషను మీద ఆయన చేసిన పీసు తిరిగి వచ్చేది కాదంట. షెడ్డులో పైనుంచి జారిన ఇనుప దిమ్మ నడుము మీద పడి కాళ్ళు రెండూ చచ్చుబడ్డాయి. ఆ తర్వాత చాలా కాలం గదిలోంచి బయటికి రాలేదు, ఎవరితోనూ మాట్లాడలేదు. రూతు ఈ ఆటలోకి లాక్కొచ్చాకే మళ్ళీ మనిషయ్యాడు. చిన్న లేతు ఒకటి కొనుక్కొని, కూర్చునే తిప్పుతూ డబ్బాలు చేయడం మొదలుపెట్టాడు. మొదటి డబ్బాలోకి వాన నీళ్ళు దిగి కాగితం ముద్దయింది. రెండోది తన చెయ్యి చాపినంత ఎత్తులో పెట్టాడు, పరీక్షకు వచ్చిన పొట్టి అమ్మాయికి అందలేదు. రెండూ ఎత్తేశారు.

"ఇది మూడోది. ఇది కూడా కాదంటే లేతు అమ్మేస్తానన్నాడంట. వాళ్ళావిడ ఫోన్ చేసి ఏడ్చింది మేడమ్. మళ్ళీ ఆ రూములోకి పోయి కూర్చుంటాడని ఆమెకు భయం. అట్లని మీరేమీ మార్కులు కలపొద్దు."

"కలపొద్దంటే నాకెందుకు చెప్పావు?"

"చెప్పకుండా ఉండలేకపోయాను."

క్లాసులో కూడా అంతే ఇది. ఆ రాత్రి నాకు సరిగ్గా నిద్ర పట్టలేదు. పరుపు మెత్తగా ఉందని రూతుతో అబద్ధం చెప్పాను.

చెరువు పక్క పార్కు

పార్కు గేటులో మోటారుసైకిళ్ళు దూరకుండా ఇనుప పైపులు వంకర టింకరగా పాతారు. మోటారుసైకిలు దూరని చోట చక్రాల కుర్చీ ఎట్లా దూరుతుంది? పక్కన వెడల్పు గేటు ఉంది, దానికి తాళం ఉంది, తాళంచెవి వాచ్‌మన్ దగ్గర ఉంది, వాచ్‌మన్ టీకి పోయాడు. నేను చిటపటలాడుతుంటే రూతు నవ్వింది. వాళ్ళు దాచిన ప్రతి డబ్బా వివరంలోనూ గేటు ఎటువైపుందో, తాళం ఎవరి దగ్గరుందో, ఆ మనిషి టీకి ఏ వేళ పోతాడో కూడా రాస్తారంట. ఈ పార్కుది ఇంకా రాయలేదు, ఈ రోజు తెలిసింది కాబట్టి రాస్తారు. వాచ్‌మన్ పరుగెత్తుకుంటూ వచ్చి "బన్నీమ్మా, బన్నీ," అని లోపలికి రమ్మంటూ తాళం తీశాడు. ఈ ఊళ్ళో కోపం తెచ్చుకోవడం కష్టం, అవతలివాళ్ళు ముందే మెత్తబడిపోతారు.

లోపల నంజుండప్ప ఎదురుచూస్తున్నాడు. ఇస్త్రీ చొక్కా, నుదుట విభూతి. చేతులతో తోసుకునే కుర్చీ ఆయనది, ఆ భుజాలు కుర్చీలో పట్టడం లేదు.

"రాండక్కా, రాండి. ఎట్ల ఉండారు? మీ అనంతపురంలో ఎండలెట్ల ఉండాయి?" అని పలకరించి, జవాబు కోసం ఆగకుండా డబ్బా గురించి మొదలుపెట్టాడు. "మిషను ముందర నిలబడినన్నాళ్ళు నా పీసు రిజెక్ట్ అయిందే లేదక్కా. కూర్చున్నంక రెండు అయినాయి. ఈ తూరి కాదు. ఎత్తు సరిగ్గా ఉండాది. వాన ఎంతన్నా పడనీ, లోపలికి ఒక్క చుక్క పోతే నన్నడుగు."

రూతు "అన్నా, ఇంక చాలు," అని ఆయన్ను పక్కకు తీసుకుపోయింది. ఇద్దరూ వీపు తిప్పారు.

ఫోన్లో ఒకే ఒక్క సూచన ఉంది: కూర్చున్నవాళ్ళకు మాత్రమే కనబడును. బాట చదునుగా ఉంది, కుర్చీ హాయిగా పోతోంది. బెంచీ కింద చూశాను, చెత్తడబ్బా వెనక చూశాను, చెరువు కమ్మీల వెంట చూశాను. ఎక్కడా లేదు. పార్కు మ్యాపు ఉన్న పెద్ద బోర్డు ఒకటి నడిదారిలో ఉంది, రాసుకునే డెస్కులాగా ఏటవాలుగా పెట్టారు. వాకింగుకు వచ్చినవాళ్ళు నిలబడి దాన్ని పైనుంచి చదువుకుంటున్నారు. నేను కుర్చీలో దగ్గరికి పోయేసరికి బోర్డు అడుగు భాగం సరిగ్గా నా కళ్ళకెదురుగా వచ్చింది. అక్కడ, చిన్న కొక్కెంలో, వెండిలా మెరుస్తూ డబ్బా.

నాకు నవ్వాగలేదు. ఎంతమంది రోజూ దాని మీదికి వంగి మ్యాపు చూసి పోతున్నారో! ఒక్కరికీ కనబడదు. కాళ్ళున్నవాళ్ళకు దొరకని చోటు వెతికి పట్టుకున్నాడీ మనిషి. ఆ ఒక్క ఆలోచనకే నూటికి నూరు వేయాలనిపించింది.

డబ్బా తేలిగ్గా చేతిలోకి వచ్చింది. అల్యూమినియం, పట్టులాంటి నునుపు. మూత మర తిప్పి తీసేది, పట్టు కోసం అంచంతా సన్నటి గీతలు చెక్కాడు. తిప్పాను. రాలేదు. అరచేతుల మధ్య పెట్టి తిప్పాను. మోకాళ్ళ మధ్య ఇరికించి, కొంగు చుట్టి తిప్పాను. పంటితో కూడా ప్రయత్నించేదాన్నే, పన్ను కట్టించుకున్నదని గుర్తొచ్చి ఆగాను. వాన చుక్క పోకూడదని బిగించిన మూత నా వేళ్ళను కూడా పోనివ్వలేదు.

దూరంగా నంజుండప్ప వీపు నిటారుగా ఉంది. ఒక్కసారి కూడా తిరగలేదు. ఏం చెప్పాలి? మూత వచ్చింది గానీ పెన్ను రాయలేదు అనొచ్చు. ఎవరూ పట్టుకోలేరు. లేతు మిగులుతుంది, ఆ ఇల్లాలు ఏడవదు.

కానీ ఒకసారి ఒక ఊళ్ళో పెళ్ళికి పోయినప్పుడు, లాడ్జి వాడు ఫోన్లో "ర్యాంపు ఉందమ్మా, రండి," అన్నాడు. తీరా పోతే నిలువు మెట్లు. నలుగురు నన్ను బియ్యం బస్తాలాగా ఎత్తి పైకి చేర్చారు. ఒకరి చెయ్యి ఎక్కడ పట్టుకుందో చెప్పుకోలేను. ఆ లాడ్జి వాడు చెడ్డవాడు కాదు, నన్ను నొప్పించడం ఇష్టం లేక ఉంది అన్నాడు. రేపు నాలాంటి వేళ్ళతో ఎవరో ఒకామె ఆ నక్షత్రాన్ని నమ్మి ఎంతో దూరం నుంచి వస్తుంది.

వాళ్ళను పిలిచాను. "దొరికింది. అందింది. మూత రాలేదు," అన్నాను.

నంజుండప్ప డబ్బా తీసుకొని రెండు వేళ్ళతో ఇట్టే తిప్పి తీసేశాడు. "ఇంత లూజుగా ఉండాది కదక్కా! మళ్ళ చూడు."

ఆయన ముందే మళ్ళీ ప్రయత్నించాను. అప్పుడు చూశాడు నా చేతులను. అప్పటిదాకా నా కుర్చీని చూశాడు గానీ చేతులను చూడలేదు.

"రిజెక్టా?" అన్నాడు.

"రిజెక్టే."

డబ్బాను ఒళ్ళో పెట్టుకొని, కుర్చీ తోసుకుంటూ గేటు దాటి వెళ్ళిపోయాడు. ఆ మధ్యాహ్నం రూతు తెప్పించిన బిసిబేళెబాత్ చాలా బాగుందంట. నాకు రుచి తెలియలేదు.

పీణ్యలో టేపు చుట్టిన వేళ్ళు

మర్నాడు పొద్దున్నే రూతుకు ఫోనొచ్చింది. స్పీకర్లో నాకూ వినబడింది.

"ఆ టీచరమ్మను పిల్చుకోని రా రూతమ్మా. ఆయమ్మ చేతులు కావల్ల నాకు."

పీణ్య అంటే షెడ్లే షెడ్లు. ప్రతి తలుపులోంచి ఏదో ఒక మిషను రొద, కాలిన నూనె వాసన, గడప ముందు మెలికలు తిరిగిన ఇనుప పొట్టు. ఇక్కడి వీధిలో కన్నడ, తెలుగు, తమిళం, హిందీ ఒకే వాక్యంలో కలిసి వస్తాయి, ఎవరికీ అడ్డు రావు. నంజుండప్ప ఇంటి ముందు గదిలోనే లేతు పెట్టుకున్నాడు, కూర్చున్న మనిషికి అందేలా తక్కువ ఎత్తు బల్ల మీద. మేం పోయేసరికి ఆయన వేళ్ళన్నీ నల్ల ఇన్సులేషన్ టేపుతో కట్టలుగా చుట్టి ఉన్నాయి. భార్య సరోజమ్మ రాగిముద్ద తుంచి, పులుసులాంటి సారులో ముంచి, నోట్లో పెడుతోంది.

"చూడక్కా ఈయన వేషం," అందామె. "నిన్న మజ్జాన్నం నుంచి ఇదే. పండ్లు తోముకునేది ఇట్లనే, చొక్కా గుండీలు ఇట్లనే. గుండీ పెట్టుకునేకి రాకుంటే నన్ను తిడతాడు. నేనేమి చేస్తినప్పా?"

నంజుండప్ప మింగి, నా వైపు చూశాడు. "నా డబ్బా నాకే రాలేదక్కా," అన్నాడు. "టేపు చుట్టుకోని తిప్పితే నాకే రాలేదు. నాది ఎట్ల రిజెక్ట్ చేస్తుంది ఈయమ్మ అని కోపంగా ఇంటికి వచ్చినా. తిప్పీ తిప్పీ ఆ కోపం నా మీదికే వచ్చె."

నా కళ్ళు చెమర్చాయి. నా చేతుల గురించి డాక్టర్లు చదివారు, బంధువులు జాలిపడ్డారు. ఒక పూటంతా నా చేతులతో బతికి చూసినవాడు ఈయనొక్కడే.

తర్వాత నా పరీక్ష మొదలైంది. బల్ల మీద ఒక్కొక్కటే పెట్టాడు, ఊరగాయ జాడీ, నీళ్ళ సీసా, కుళాయి, కుక్కరు మూత. "తియ్యక్కా," అంటాడు, నేను ఎక్కడ పట్టుకుంటానో, ఎక్కడ నొప్పికి ఆగుతానో మెడ వంచి చూస్తాడు. జాడీలో నేను తప్పాను. సీసాలో తప్పాను. కుళాయి పిడిని మణికట్టుతో కొట్టి తిప్పాను, "ఆఁ! అది మళ్ళ చెయ్యి," అన్నాడు. చివరికి గోడకున్న హోల్డరులోంచి బల్బు తీయమన్నాడు. అరచేత్తో నొక్కి, కొంచెం తిప్పాను, ఊడి వచ్చింది.

"ఇదే!" అని తొడ మీద కొట్టుకున్నాడు.

ఆ పూటంతా లేతు తిరుగుతూనే ఉంది. టేపు విప్పి పని చేస్తాడు, మళ్ళీ చుట్టుకొని తిప్పి చూస్తాడు. కొత్త మూతకు మరలు లేవు. బల్బులాగే నొక్కి పావు వంతు తిప్పితే ఊడుతుంది. పైన అడ్డంగా పొడుగాటి కమ్మీ పెట్టాడు, అరచేత్తోనో మణికట్టుతోనో మోచేత్తోనో నెట్టొచ్చు. వాన కోసం లోపల రబ్బరు వాషరు. అంతా అయ్యాక మళ్ళీ ఆలోచనలో పడ్డాడు. "డబ్బా తిరక్కుండా పట్టుకునేకి ఇంకొక చెయ్యి కావల్ల కదా. అది లేనోళ్ళు ఏం చేయల్ల?" అని, డబ్బా కదలకుండా కూర్చునే గాడి ఒకటి చేశాడు. అది నేను అడగలేదు, ఎవరూ అడగలేదు.

మధ్యలో సరోజమ్మ మాకూ భోజనం పెట్టింది. మేం సంగటి అంటాం, వాళ్ళు ముద్ద అంటారు. మా సంగటిలో బియ్యం కలుస్తుంది, వాళ్ళది ఒట్టి రాగిపిండి. నమలకూడదు, సారులో ముంచి మింగాలి. నేను నమిలాను. "నమిల్తే పండ్లకంటుకుంటాది, మింగక్కా," అని ఆమె నవ్వింది. మెతుకు మెతుకూ నమిలి తినమని పిల్లలకు చెప్పిన నోటితో మింగడం నేర్చుకున్నాను.

కొత్త మూతను అరచేత్తో నెట్టాను. టక్కున ఊడింది. సరోజమ్మ చప్పట్లు కొట్టింది.

"ఇంక ఓకేనా?" అన్నాడు నంజుండప్ప, రూతు వైపు చూస్తూ.

రూతు తల అడ్డంగా ఊపింది. "లేదన్నా. మేడమ్‌కు ఇప్పుడు ప్లేస్ తెలుసు, మూత తెలుసు. ఇంకొకరు రావాలి."

నాకు రూతు మీద కోపమొచ్చింది. నంజుండప్పకు రాలేదు. "రానీ," అన్నాడు. కానీ సరోజమ్మ చేతిలో గిన్నె అట్లాగే ఉండిపోయింది.

తుమకూరు కండక్టరు

రూతు పట్టుకొచ్చిన కొత్త మనిషి తుమకూరు ఆయన, శివలింగయ్య. బస్సు కండక్టరుగా చేసి రిటైరయ్యాక పక్షవాతం వచ్చింది. ఎడమ చెయ్యి వేలాడుతుంది, ఎడమ కాలు ఈడుస్తూ కర్రతో నడుస్తాడు. హిందూపురం రూటులో చాలా కాలం తిరగడం వల్ల తెలుగు బాగానే వచ్చు. భార్య గౌరమ్మ ఆయన మోచెయ్యి పట్టుకొని వచ్చింది. ఆయన్ను ఏమడిగినా జవాబు ఆమే చెబుతోంది, అలవాటైపోయినట్టుంది.

పార్కుకు నంజుండప్పతో పాటు సరోజమ్మ కూడా వచ్చింది. డబ్బాను పాత చోటే, కొత్త గాడిలో పెట్టి ఉంచారు. కర్రతో నిలబడే మనిషికి కూర్చున్నవాళ్ళ చోటు ఎట్లా కనబడుతుందని నాకు గుబులు. రూతు నియమం చెప్పి, గౌరమ్మ చెయ్యి విడిపించింది. అందరం వీపులు తిప్పాం. ఈసారి నేనూ తిప్పాను. చూడకుండా ఉండడం ఎంత కష్టమో అప్పుడు తెలిసింది.

కర్ర చప్పుడు దూరమైంది. ఆగింది. మళ్ళీ వినబడింది. తర్వాత ఎంతసేపటికీ ఏ చప్పుడూ లేదు.

"బిద్దరే?" అంది గౌరమ్మ. పడిపోతే అని. తిరగబోయింది. నేను నా వంకర చెయ్యి ఆమె చేతి మీద వేశాను. ఆమె ఆ చేతిని చూసి, గట్టిగా పట్టుకుంటే నాకు నొప్పి పుడుతుందనుకుందేమో, ఊరికే అట్లా ఉంచుకుంది. నంజుండప్ప చెరువును చూస్తూ కూర్చున్నాడు. దవడ కదులుతోంది.

"రైట్! రైట్!"

పార్కంతా వినబడింది. బస్సు వెనక మెట్టు మీద నిలబడి, డ్రైవరుకు వేసే కేక. వాకింగు చేసేవాళ్ళు ఆగి చూశారు. మేం తిరిగేసరికి శివలింగయ్య బోర్డు పక్కనున్న దిమ్మె మీద కూర్చొని, కుడిచెయ్యి పైకెత్తి ఊపుతున్నాడు. కాలు లాగితే కాసేపు కూలబడ్డాడంట, కూర్చోగానే డబ్బా ముఖానికెదురుగా కనిపించిందంట. మూతను మోచేత్తో నెట్టాడంట. ఆ కేక విని ఎంత కాలమైందో అంటూ గౌరమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"మూత మళ్ళ ఏసినాడా? అడుగు రూతమ్మా, వాన వచ్చేట్ల ఉండాది," అన్నాడు నంజుండప్ప.

"వేసినా, వేసినా. టికెట్ కూడా చించి ఇచ్చినా," అని అటునుంచి శివలింగయ్య జవాబు.

నంజుండప్ప అప్పుడు చొక్కా చేతితో ముఖం తుడుచుకున్నాడు. ఒకసారి తుడిస్తే సరిపోలేదు. సరోజమ్మ దగ్గరికి పోయి భుజం మీద చెయ్యి వేసింది. ఆయన ఆ చేతిని పట్టుకొని, "నాలుగోది కండ్లు లేనోళ్ళకు చేయల్ల. ఎట్ల ఎతుకుతారో ఏమో, చూడల్ల," అన్నాడు.

"ఐపాయ. ఇంక రేపట్నుంచి కండ్లకు గుడ్డ కట్టుకోని ఇల్లంతా గుద్దుకుంటాడు," అందామె మాతో. లేతు మాట ఎవరూ ఎత్తలేదు.

డబ్బా పాసైంది. యాప్‌లో పెట్టడానికి రూతు ఫోన్ తీసింది. నంజుండప్ప నన్ను చూసి, "నువ్వు పేరు రాయలే కదక్కా. పో, రాసి రా," అన్నాడు.

కుర్చీని బోర్డు దగ్గరికి పోనిచ్చాను. చోటు తెలుసు, మూత తెలుసు, ఇందులో పరీక్షేమీ లేదు. కమ్మీని అరచేత్తో నెట్టాను, మూత వచ్చింది. కాగితం మీద మొదటి పేరు శివలింగయ్యది, కన్నడలో, గుండ్రంగా. దాని కింద నా పేరు తెలుగులో రాశాను. నిదానంగా రాశాను, అక్షరాలు కుదురుగానే వచ్చాయి. కాగితం లోపల పెట్టి మూత నొక్కి తిప్పాను.

తలెత్తి చూస్తే వాళ్ళందరూ వీపులు తిప్పి ఉన్నారు. రూతు, నంజుండప్ప, సరోజమ్మ, గౌరమ్మ, ఆమె పక్కకు చేరిన శివలింగయ్య కూడా. ఇప్పుడు అవసరం లేదు కదా, అయినా తిప్పారు. నేను పడిపోతానని గానీ, నాకు చేతకాదని గానీ ఆ ఐదుగురిలో ఒక్కరికీ అనుమానం లేదు. చెరువు మీంచి గాలి వస్తోంది. నన్నెవరూ చూడడం లేదు, నాకోసం ఎవరూ తొందరపడడం లేదు.

"ఐందా అక్కా?" అన్నాడు నంజుండప్ప, తిరగకుండానే.

అయింది. కానీ వెంటనే చెప్పలేదు. ఇంకాసేపు అక్కడే ఒంటరిగా కూర్చున్నాను, ఆ తర్వాతే పిలిచాను.